పేరు చెప్పని చక్రపొంగలి

రండమ్మా, రండి నాయనా, వెనకున్నవాళ్ళు కాస్త ముందుకు జరగండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు. స్వామి దయవల్ల ఇవాళ గాలి కూడా నెమ్మదిగానే ఉంది.

పలాస పక్కన మెట్ట మీద అచ్యుతయ్య గురువుగారి ఆశ్రమం ఉండేది. ప్రతి పౌర్ణమికీ అక్కడ పంక్తి భోజనం. ఎవరు ఏది తెచ్చినా సరే, ముందుగా గురువుగారి కళ్ళెదుట అందులోంచి ఒక ముద్ద తిని, అందరితో పాటు పంక్తిలో కూర్చోవాలి. అదీ అక్కడి కట్టుబాటు.

ఆ పౌర్ణమి పొద్దున దాలినాయుడు వచ్చి గురువుగారి పాదాల దగ్గర కూర్చున్నాడు. జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ళూ, జీడిగింజలు కాల్చే బట్టీల దగ్గర పనిచేసే మగవాళ్ళూ కలిసి పెట్టుకున్న చిన్న పార్టీకి అతను కార్యదర్శి. మునిసిపల్ ఎన్నికలు పదిహేను రోజుల్లోకి వచ్చేశాయి. జెండాలకి బట్ట లేదు, వీధులు తిరగడానికి బండి లేదు. సరిగ్గా అప్పుడే ఎవరో ఫోనులో, క్రిప్టో అనే కంప్యూటరు డబ్బు రూపంలో పెద్ద విరాళం పంపుతామన్నారు. పంపేవారి పేరుండదు; అక్షరాలూ అంకెలూ కలిసిన పొడుగాటి గుర్తొకటి ఉంటుంది, అంతే. సాయంత్రంలోగా జవాబు చెప్పాలి.

"చట్టం సంగతి ప్లీడరుగారు చూసుకుంటారండి. పుచ్చుకోవడం ధర్మమా కాదా, అది మీరు చెప్పండి," అన్నాడు దాలినాయుడు. "పేరు దాచుకోవడం తప్పా గురువుగారూ? మావాళ్ళు పది రూపాయలిచ్చినా, యజమాని చెవిన పడితే పని పోతుందని వణికిపోతారు."

గురువుగారు అతని భుజం తట్టి, "ఇవాళ వడ్డన నీది," అన్నారు.

ఆ పూట వండింది అన్నమూ, ఎవరో తెచ్చిన చింతపండుతో పెట్టిన చారూనే. నూట యాభై మంది ఆకుల ముందు కూర్చున్నారు. అంతలో గేటు దగ్గర ఒక ఆటో ఆగింది. అందులో పెద్ద గుండిగ నిండా చక్రపొంగలి. నేతి వాసనకి పంక్తి మొత్తం తల తిప్పింది. దాలినాయుడి మొహం విచ్చుకుంది. గబగబా గుండిగ దింపించి గరిటె ముంచాడు.

పంక్తిలో మొదట కూర్చున్నది కూర్మమ్మ. జీడి జిడ్డుకి వేళ్ళు నల్లబడిన మనిషి. ఆవిడ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవుల్ది నాయనా ఇది?"

దాలినాయుడు డ్రైవరు వైపు చూశాడు.

"నాకేటి తెల్సు?" అన్నాడు డ్రైవరు. "బస్టాండు కాడ ఎవులో ఎక్కించినారు. పేరు సెప్పొద్దన్నారు. కిరాయి ఇచ్చీసినారు."

"మరి తినీసినాక, ఏ మూల నుంచో 'నా పొంగలి తిన్నారు, నా మాట యినండి' అని కబురెడితే?" అంది కూర్మమ్మ. "ఆ బాబుకి మనమందరం తెల్సు. మనకి ఆ బాబు తెల్దు. తిరిగిచ్చీడానికి గుమ్మం కూడా నేదు."

"కడుపునొస్తే తిట్టుకోడానికైనా పేరుండాల కదే," అంది పక్కనున్నావిడ. పంక్తంతా నవ్వింది. దాలినాయుడికి నవ్వు రాలేదు. నెయ్యి గరిటె మీంచి వేళ్ళ మీదికి కారుతోంది.

"మరి చారులో చింతపండు?" అన్నాడు గురువుగారి వైపు తిరిగి, కాస్త ఉక్రోషంగానే. "అదెవరిదో మీరూ చెప్పలేదు."

"చెప్పను. చెబితే ఆవిడకి ఇంట్లో తిప్పలు. అయినా ఇందాక నా కళ్ళెదుట ముద్ద తిని, ఇప్పుడు ఈ పంక్తిలోనే కూర్చుంది."

దాలినాయుడు గరిటె కింద పెట్టి, గుండిగ మీద మూత వేశాడు. దాని ఎదురుగా కొత్త ఆకు ఒకటి పరిచి నీళ్ళు చిలకరించాడు.

"బస్టాండుకెళ్ళి చెప్పు బాబూ," అన్నాడు డ్రైవరుతో. "ఊరికి పేరు చెప్పక్కర్లేదు. వచ్చి గురువుగారి ముందు ఒక్క ముద్ద తినమను."

అందరూ చారన్నం నింపాదిగా తిన్నారు. ఆటో ఖాళీగా తిరిగి వచ్చింది. దాలినాయుడు ఫోను తీసి, విరాళం పంపుతామన్నవారికీ అదే మాట రాశాడు: ఊరికి పేరు చెప్పక్కర్లేదు, ఒకసారి వచ్చి గురువుగారికి కనబడండి. అటునుంచి జవాబు లేదు.

చెయ్యి కడుక్కోవడానికి లేచిన కూర్మమ్మ అతని దగ్గర ఆగింది. "జెండాలకి మా పాత సీరలు సింపుకో నాయనా. ఏది ఎవులిదో నీకు తెల్సు కదా."

దాలినాయుడు తల వంచుకుని, పరిచిన ఆకు తియ్యబోయాడు. గురువుగారు చెయ్యి పట్టుకున్నారు.

"ఉండనీ. ఇంకాసేపు చూద్దాం."

తల్లులారా, నేను చెప్పిందంతా మరిచిపోయినా ఫరవాలేదు. పేరు లేని గుండిగ ఎదురుగా దాలినాయుడు ఆకు వేశాడు, అది గుర్తుంచుకోండి. మీ గుమ్మంలోకి అలాంటిది వచ్చిన రోజున, మీరూ వెయ్యండి.