దివాను గారి గదికి హారతి

గోదారి మీద తెరచాప పడవలు తిరిగిన ఆ రోజులే వేరు! సరంగు మీసం దువ్వితే సుడిగుండాలు పక్కకు తప్పుకునేవి.

మేదరి గవరయ్య ముసలి తల్లికి పుట్టినూరి రేవును ఒక్కసారి చూడాలని ఆశ. పడవలో చోటు దొరికింది మాత్రం కిటికీ లేని అడుగు అరలో, ఎండుచేపల బుట్టల మధ్య.

"పై గది ఖాళీయేగా, సరంగు గారూ?"

"నోర్ముయ్! దివాను గారు పడుకున్నారు," అని బుకాయించాడు సరంగు.

"అయ్యో! ఆయనుంటే హారతివ్వందే లంగరు ఎత్తకూడదు కదండీ!" అని గవరయ్య కేకేశాడు. ఆ కేకకు రేవంతా హారతి పళ్లేలతో దిగింది.

"తలుపు తియ్యండి బాబూ!" అన్నారు జనం.

సరంగుకు ముచ్చెమటలు పోశాయి. "దివాను గారు రాలేదురా. మీ అమ్మనే పై గదిలోకి ఎక్కించుకో!"

వెలిగించిన హారతి ఆర్పకూడదని ఆడవాళ్లు ఆ ముసలమ్మకే పట్టారు. సాయంత్రం పుట్టినూరి రేవు కనబడగానే ఆవిడ కార్చిన కన్నీటికి గోదారి జానెడు పొంగింది. కావలిస్తే గట్టునడగండి!