పచ్చగా కాలిపోయిన మోటారు

కొర్లపేట నీళ్ళ మోటారు గదిలో పనిచేసే గవర్రాజుకీ, అతని తమ్ముడు సన్యాసప్పడికీ తమంత తెలివైనవాళ్ళు జిల్లాలోనే లేరని గట్టి నమ్మకం.

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడమేరా తెలివంటే," అనేవాడు అన్న.

"నువ్వు చెప్పావు కాబట్టే నమ్ముతున్నానన్నయ్యా," అనేవాడు తమ్ముడు.

ఆ గదిలో ఓ కంప్యూటరు. మోటారు సంగతులన్నీ దాని నల్ల తెర మీద తెల్ల అక్షరాల్లో గబగబా జారిపోయేవి. మంచీ చెడూ ఒకటే రంగు! పోయిన వేసవిలో 'మోటారు వేడెక్కింది' అన్న ముక్క ఆ గుంపులో ఎవరికీ కనబడక కొంప మునగబోయింది. ఉన్నది ఒక్క మోటారు. అది పోతే ఊరికి గుక్కెడు నీళ్ళుండవు. అందుకని ప్రోగ్రాము రాసిన కుసుమకుమారి గారొచ్చి అక్షరాలకి రంగులు పెట్టారు.

"ఆకుపచ్చ వస్తే అంతా బాగున్నట్టు. ఎరుపు కనబడితే ఆపెయ్యండి. మరీ ప్రమాదమైతే లావు అక్షరాలు మిణుకుమిణుకుమంటాయి. రంగులు నచ్చకపోతే ఇక్కడ వేరే రంగు పేరు కొట్టుకోవచ్చు," అని చెప్పి వెళ్ళారు.

మధ్యాహ్నం గవర్రాజు పెళ్ళాం మహలక్ష్మి క్యారేజీ పట్టుకొచ్చింది, ఎర్రచీరలో. అంతే! సన్యాసప్పడు మోటారు ఆపేశాడు.

"అదేంట్రా మరిదీ?"

"ఎరుపు కనబడింది వదినా. నువ్వెళ్ళిపో, నీళ్ళు వదలాలి."

ఆవిడ వెళ్ళింది. క్యారేజీలో ఎర్రటి ఆవకాయ. మళ్ళీ ఆపారు. ఊళ్ళో ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో వచ్చి తిట్టిపోశారు. వాళ్ళ బొట్లు ఎరుపు. మళ్ళీ ఆపారు!

పై ఆఫీసరుకి ఒళ్ళు మండింది. గదికొచ్చి తెర చూశాడు. ఆ పూట అదృష్టంకొద్దీ అంతా పచ్చగా ఉంది. "ఇలాగే ఉండాలి. నేనెప్పుడొచ్చినా పచ్చగానే కనబడాలి, ఏం?" అన్నాడు.

ఇంకేముంది! ఎరుపు అని ఉన్నచోట గవర్రాజు ఆకుపచ్చ అని కొట్టేశాడు. ఆఫీసరు మళ్ళీ వచ్చి చూసి, మురిసిపోయి, ఇద్దరికీ శాలువాలు కప్పి మరీ వెళ్ళాడు. ఆయన తెలివీ అంతే మరి, ఏం చెప్పమంటారు!

మర్నాడు తెర మీద లావు లావు పచ్చ అక్షరాలొచ్చాయి: 'మోటారు కాలిపోతోంది'.

"అన్నయ్యా, కాలిపోతోందట!"

"ఏ రంగులో?"

"పచ్చగా."

"అయితే బాగానే కాలుతోందన్నమాట."

అక్షరాలు మిణుకుమన్నాయి.

"అన్నయ్యా, ప్రమాదం! ఆపనా? అరె, పోయింది! అయ్యో, మళ్ళీ వచ్చింది! హమ్మయ్య, పోయింది!"

"పోతే కూర్చో, వస్తే లే," అన్నాడు అన్న. పాపం, సన్యాసప్పడు లేస్తూ కూర్చుంటూ ఉన్నాడే గాని మీట దాకా వెళ్ళలేకపోయాడు.

పొగ చూసి మహలక్ష్మి లబోదిబోమంటూ ఫైరింజనుకి ఫోన్ చేసింది. అది గంట కొట్టుకుంటూ రానే వచ్చింది. గవర్రాజు గేటుకి అడ్డంగా నిలబడి రెండు చేతులూ చాపాడు.

"ఆపండి! ఎర్రబండి!"

"లోపల మంటలయ్యా బాబూ, తప్పుకో!" అని అరిచాడు డ్రైవరు.

"మా ఆవిడనే ఎర్రచీరతో ఉండనివ్వలేదు, నువ్వెంత? ఒరేయ్ తమ్ముడూ, పచ్చరంగు డబ్బా పట్రా!"

ఇద్దరూ చకచకా బండికి రంగు పూసేశారు. వెనక మోటారు గది కప్పు ఫెళ్ళున కూలింది. డ్రైవరు బండిని ముందుకి ఉరికించబోయాడు.

"ఆగవయ్యా!" అని గదమాయించాడు గవర్రాజు. "రంగు ఆరనీ!"