వ్యూహంలో లేని వాన

అమ్మలారా, అయ్యలారా, ఆ శ్రీహరి దయవల్ల వానలకు లోటులేని ఒకానొక రాజ్యంలో ప్రచండవర్మ అనే రాజుండేవాడు. ఆయనకో పెద్ద నేతశాల ఉండేది. అక్కడి చీరలు ఓడలెక్కి దేశాలు తిరిగేవి.

రాజుగారికి వ్యూహాల పిచ్చి. రాబోయే మూడేళ్ళలో నేతశాలలో ఏ రోజు ఏం జరగాలో తాటాకుల మీద రాయించాడు. రాసింది జరగాలి, రాయనిది జరగకూడదు. అందుకోసం రోజూ సభే! నేతగాళ్ళు కూర్చుని కూర్చుని నడుములు పట్టేసి, ఆవలింతలు మింగుతూ వినేవాళ్ళు. విదూషకుడు తాతంభట్టుకైతే కళ్ళు తెరిచే నిద్రపోవడం అలవాటైంది.

ఒకనాడు నేతపెద్ద మార్కండయ్య వీధి పొడుగునా పడుగు సాగదీసి గంజి పట్టిస్తున్నాడు. నూరు చీరల నూలు. ఇంతలో పడమట మబ్బు కమ్మింది. తడిస్తే గంజంతా కరిగిపోదూ? "చుట్టేయండర్రా!" అని కేకేశాడు. పడుగు ఇల్లు చేరడం, వాన దంచడం ఒక్కసారే.

మర్నాడు సభలో రాజు తాటాకు ఊపాడు.

"ఆరుద్ర కార్తె, మూడోనాడు. మధ్యాహ్నందాకా పడుగు ఆరాలి. ఎందుకెత్తావు?"

"వానొచ్చింది ప్రభూ."

"వ్యూహంలో వానుందా?"

"లేదు ప్రభూ. మబ్బులో ఉంది."

"ఎంత పొగరు! ఎల్లుండినుంచి నీకు మగ్గం లేదు. ఊరు విడిచి పో!"

మగ్గం గుంటలో కాళ్ళుపెట్టి ముప్పైయేళ్ళు బతికినవాడు. పాపం, ఎక్కడికి పోతాడు?

తాతంభట్టు ఓ నిట్టూర్పు విడిచి లేచాడు. "తీర్పు బాగుంది ప్రభూ. ఈ కట్టుబాటు ఒక్క నేతశాలకేనా? రేపటి తమ ఊరేగింపుకీ తాటాకు రాయిద్దాం. రాసినట్టు చేయనివాణ్ణి మార్కండయ్యతోపాటే సాగనంపుదాం."

రాజు పొంగిపోయి స్వయంగా చెప్పి రాయించాడు: "జనం నా ముఖం చూడాలి. కనుక గొడుగు ముడిచే ఉండాలి."

మర్నాడు పల్లకి నడివీధికి వచ్చిందో లేదో, కుండపోత!

"గొడుగేదిరా?" అరిచాడు రాజు.

గొడుగువాడు దాన్ని చంకలో మరింత బిగించాడు. "ముడిచే ఉండాలని రాశారు ప్రభూ. విప్పితే నన్నూ ఊరు దాటిస్తారు."

"వానొచ్చిందిరా మూర్ఖుడా! కళ్ళు లేవా?"

పక్కనే తడుస్తున్న తాతంభట్టు మెల్లగా అన్నాడు, "మార్కండయ్య కూడా అదే మనవి చేశాడు ప్రభూ."

రాజుగారి మీసాలు తడిసి గడ్డం మీదికి జారాయి. ముడిచిన గొడుగునీ, భట్టునీ మార్చి మార్చి చూశాడు. ఆనక పల్లకి ఊగిపోయేలా నవ్వాడు.

"మార్కండయ్య మగ్గం మార్కండయ్యదే. ఇకమీదట మబ్బు చూసేదీ, పడుగెత్తేదీ అతని ఇష్టం. ఇదిగో భట్టూ, నీకు నా బంగారు కంకణం!"

"కంకణం వద్దు ప్రభూ. రేపటి సభ మానిపించండి, చాలు. అలిసిపోయాం."

రాజు ఉత్తరీయం పిండుకుంటూ గొంతు తగ్గించాడు. "నిజం చెప్పనా? నేనూ అలిసిపోయానయ్యా!" అని మళ్ళీ నవ్వి, కంకణం అతని చేతికే తొడిగాడు.

మర్నాడు సభ లేదు. పొద్దున్నుంచీ మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. ఆ చప్పుడులోనే రాజుగారు బారెడు పొద్దెక్కేదాకా గుర్రుపెట్టారట. అంతటి నిద్ర మీకూ నాకూ ప్రసాదించుగాక, ఆ శేషశయనుడు!