నీళ్ల ట్యాంకు ఎక్కే గెంతు

“ట్యాంకెక్కే దారుంది ఉస్తాద్. మీరే దాస్తన్నారు.”

“దాచటానికి అవేమన్నా లంకెబిందెలంట్రా?”

“మరి మీరెట్టా ఎక్కారు?”

“ఎక్కా. అందులో నా గొప్పేం లేదు.”

“పదకొండు నెలల నించి ఇదే మాట.”

“నువ్వు మాత్రం కొత్తగా ఏమడిగావ్?”

దినకరుకీ ఉస్తాద్ కాశింపీరాకీ రోజూ ఉండే తగువే ఇది. చీరాలలో సైకిలు షాపు పైన మేడమీద కాశింపీరాకి పన్నెండు కంప్యూటర్ల సెంటరుంది. గంటకింత అని కట్టి తుపాకుల ఆట ఆడుకుంటారు అక్కడ. తెరమీద ఒక్కొక్కరికీ ఒక మనిషి, ఆ మనిషి చేతిలో తుపాకి. ఇక్కడ మీటలు నొక్కితే అక్కడ వాడు పరిగెడతాడు, గెంతుతాడు, కాలుస్తాడు.

కాల్చటం ఎవరైనా నేర్చుకుంటారు. గెంతటం అందరికీ రాదు. ఆ గెంతే విద్యలో కాశింపీరాని మించినోడు లేడని ఒకప్పుడు ఒంగోలు దాకా పేరు. ఇప్పుడాయన ఆడడు. చిన్నప్పుడు పరుపుల కొట్లో దబ్బనం దిగి ఎడంచేతి చిటికెనవేలు వంకర తిరిగింది. వయసు మీదపడ్డాక అది బొత్తిగా మాట వినటం మానేసింది. కౌంటరు దగ్గర కూర్చుని టైము రాసుకుంటాడు, అంతే.

ఆయనకి మిగిలిన శిష్యుడు దినకర్ ఒక్కడే. పాతికేళ్లవాడు. టైల్సు షాపులో పని. మధ్యాన్నం రెండింటికి షాపు మూస్తారు, నాలుక్కి తీస్తారు. ఆ రెండు గంటలూ ఇక్కడే. మిగతా వేళ రోజు మొత్తమ్మీద వాడి నోట్లోంచి వచ్చేవి రెండే మాటలు: షాపులో “ఎన్నడుగులు కావాలండీ”, మెస్సులో “పప్పు కాస్త ఎక్కువెయ్యి”. గదికెళ్లి తలుపేసుకుంటే అదీ ఉండదు.

కానీ గెంతుల్లో వాడు గట్టోడు. ఊరికే రాలేదు.

మొదట్లో గాలిలోకి లేచాక కూడా ముందుకెళ్లే మీట నొక్కే పట్టుకునేవాడు. అట్టా పట్టుకుంటే ఆటలో మనిషి గాలిలోనే మొద్దైపోతాడు, వేగం చస్తుంది. ఎన్నిసార్లు చెప్పినా వేలు వినలేదు. ఒకరోజు ఉస్తాద్ వచ్చి, స్క్రూడ్రైవరుతో ఆ మీట పైడొప్ప పీకి, జేబులో వేసుకుని పోయాడు.

“ఉస్తాద్! ముందుకెట్టా పోవాలి?”

“గాల్లో ఉన్నోణ్ణి ముందుకి తోసేదెవర్రా? ఒళ్లు తిప్పు.”

మూడు వారాలు వాడు ఆ గుంటలో అగ్గిపుల్ల పెట్టి నొక్కుకుంటూ ఆడాడు. నేల విడవగానే పుల్ల వదలక తప్పేది కాదు. అప్పుడొచ్చింది గుట్టు. గాల్లో పక్క మీట ఒక్కటే నొక్కాలి, ఆ పక్కకే చూపు మెల్లిగా తిప్పాలి. కాలు నేలకి తగిలీ తగలకముందే మళ్లీ లేవాలి. రెప్పపాటు ఆలస్యమైతే వేగమంతా నేల తాగేస్తుంది. అట్టా గెంతు మీద గెంతు పడుతుంటే మనిషి పరిగెత్తేవాడికన్నా రెండింతలు జోరుగా పోతాడు. మోకాళ్లు గాల్లోనే ముడుచుకుని కిటికీలో దూరటం, చప్పుడు కాకుండా దిగటం, అన్నీ వచ్చాయి దినకరుకి.

రానిదొక్కటే. ఆటలో గోడౌను అనే చోట గోడమీద నీళ్ల ట్యాంకు ఉంటుంది. దానిమీద నిలబడితే రెండు గేట్లూ కనపడతాయి. అక్కడున్నోణ్ణి కొట్టటం కష్టం. ఒకప్పుడు ఉస్తాద్ దానిమీద నిలబడి ఒంగోలు వాళ్లు ఐదుగుర్నీ పడగొట్టాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. దినకర్ పదకొండు నెలలుగా ఖాళీ గోడౌనులో ఒక్కడే ఆ గోడకేసి గెంతుతున్నాడు. పీపా మీంచి గెంతాడు, లారీ మీంచి గెంతాడు. ఎంత గెంతినా జానెడు తక్కువే.

ఆ గురువారం మాత్రం తగువు అంతటితో ఆగలేదు. బాపట్లలో జంటల పోటీ పెట్టారు. ఇద్దరిద్దరుగా ఆడాలి. పేర్లివ్వటానికి శనివారం సాయంత్రం ఐదు ఆఖరు.

“ఈ ఒక్కటీ చెప్పండి ఉస్తాద్, చాలు. రెండో పేరు మా షాపులో లోడు దించే ఆయనది రాస్తా. ఊరికే కుర్చీలో కూర్చుంటాడు. ఆడేది నేనే. గెలిస్తే నలుగురికీ తెలుస్తది. ఏ జట్టోళ్లో పిలుస్తారు.”

వాడిక్కావల్సింది అదే. ఎవరో ఒకరు పేరుపెట్టి పిలవటం.

“జక్రి ఏమయ్యాడు?” అన్నాడు ఉస్తాద్.

దినకర్ తెరవైపు తిరిగాడు.

జక్రయ్యా వాడూ ఒకప్పుడు ఒకే బెంచీమీద కూర్చుని ఆడినోళ్లు. ఏడాదిన్నర కిందట ఇక్కడే ఒక పందెంలో జక్రి, “కూర్చోరా, నీ నెత్తి మీంచి ఎక్కుతా” అన్నాడు. ఒకడు కూర్చుంటే వాడి నెత్తిన రెండోవాడు నిలబడి గోడెక్కటం ఆ ఆటలో ఉన్నదే. దినకర్ అందరి ముందూ, “గెంతటం చేతగానోడికి నేను నిచ్చెన్నా?” అన్నాడు. పందెం పోయింది. జక్రి కుర్చీ జరిపి లేచి పోయాడు, మళ్లీ మెట్లెక్కలేదు. ఆ తర్వాత దినకర్ పక్కన కూర్చోటానికి ఇంకెవరూ రాలేదు.

ఉస్తాద్ కౌంటరు వదిలి వచ్చాడు. దినకర్ పక్కనున్న మిషను ముందు కూర్చున్నాడు. రెండేళ్లలో ఆయన మౌసు పట్టటం చూడలేదు వాడు. చూపిస్తాడు, ఇవ్వాళ చూపిస్తాడు!

తెరమీద ఉస్తాద్ మనిషి గెంతలేదు. సంతకి పోయేవాడిలా నడుచుకుంటూ గోడౌను దాటాడు, ట్యాంకు కిందికి పోయాడు, గోడవైపు మొహం పెట్టి గొంతుక్కూర్చున్నాడు.

“ఎక్కు.”

“ఎక్కడికి ఉస్తాద్?”

“నెత్తిమీదికి.”

“అమ్మో! మీ నెత్తిన కాలు పెట్టటమే? కళ్లు పోతాయ్.”

“నెత్తీ బొమ్మదే, కాలూ బొమ్మదే. ఎక్కు.”

“అయినా గానీ… గురువు గురువేగా. ఇంకెట్టయినా—”

అంటూ పక్కకి చూశాడు. ఆటలో కూర్చునే మీట కీబోర్డులో ఎడంపక్క మూలన ఉంటుంది. చిటికెనవేలితో నొక్కి పట్టుకునే ఉండాలి, వదిలితే మనిషి లేచిపోతాడు. ఉస్తాద్ వంకరవేలు ఆ మీట మీదుంది. గజగజ వణుకుతోంది.

“నీ మర్యాదకి నా వేలు చస్తందిరా. ఎక్కు.”

ఎక్కాడు. ఉస్తాద్ మనిషి లేచి నిలబడ్డాడు, దినకర్ని మోసుకుంటూ. దినకర్ గెంతాడు. ముందే గెంతాడు, పడ్డాడు.

“మళ్లీ,” అన్నాడు ఉస్తాద్. మళ్లీ కూర్చున్నాడు.

రెండోసారి మోకాళ్లు ముడవటం మరిచాడు. మూడోసారి పక్కకి జారాడు. పడ్డ ప్రతిసారీ ఆ వేలు మళ్లీ ఆ మీటమీదికే పోయింది. నాలుగోసారి కిందివాడు లేచే ఊపూ తన ఊపూ ఒక్కటయ్యాయి. మోకాళ్లు ముడుచుకుని గాల్లో ఒళ్లు తిప్పాడు. ట్యాంకు అంచు కాళ్లకింద ఆనింది.

“ఉస్తాద్! ఎక్కా!”

“ఏం కనపడతంది?”

“రెండు గేట్లూ! మెట్లూ, లారీ వెనకాల సందూ… అబ్బ, మొత్తం కనపడతంది ఉస్తాద్!” వాడు అటు తిరిగాడు, ఇటు తిరిగాడు. పదకొండు నెలలు కింద నించి చూసిన ఊరు పైనించి చూసినట్టుంది. కాసేపటికి అడిగాడు: “మీకేం కనపడతంది?”

“గోడ.”

ఆటలోంచి శత్రువుల్ని తీసెయ్యటం ఇద్దరూ మరిచారు. ఇంతలో కంప్యూటరు తోలే శత్రువొకడు సందులోంచి వచ్చాడు. దూరపు గేటుకేసి చూస్తున్న దినకర్ వాణ్ణి చూడలేదు. చప్పుడు విని కిందికి చూసేసరికి ఉస్తాద్ మనిషి పడిపోయి ఉన్నాడు. గోడవైపే ఉంది మొహం.

ఉస్తాద్ మీట వదిలేశాడు. కుడిచేత్తో చిటికెనవేలు నలుపుకుంటూ లేచాడు.

దినకర్ మౌసు వదిలి ఆయనవైపు తిరిగాడు. తర్వాత అడిగాడు: “ఒంగోలు వాళ్లని కొట్టిన రోజు… మీ కింద కూర్చుందెవరు?”

“సైదావలీ అని ఉండేవాడు.”

“ఇప్పుడెక్కడున్నాడు?”

“ఏమో. ఆ రోజు నించి నేనే అడగలా,” అని ఉస్తాద్ కౌంటరు దగ్గరికి పోయాడు.

శుక్రవారం మధ్యాన్నం దినకర్ సెంటరుకి రాలేదు. బస్టాండు పక్కన జక్రి సెల్లు రిపేరు బంకు ఉంది. అక్కడికి పోయి నిలబడ్డాడు. జక్రి తలెత్తి చూశాడు, మళ్లీ చేతిలో సెల్లు వైపు చూసుకున్నాడు.

“ఏం దొరా, దారి తప్పావా?”

“రేపు రెండింటికి సెంటరుకి రా.”

“ఎందుకంట? బాపట్ల పోటీ సంగతి నాకూ తెల్సులే. మనిషి తక్కువయ్యాడా?”

“కింద నేను కూర్చుంటా.”

జక్రి చేతిలో స్క్రూ జారి కిందపడింది. తిట్టుకుంటూ వంగి వెతుక్కున్నాడు. దినకర్ కూడా వంగాడు. “నువ్వు ముట్టుకోబాక,” అన్నాడు జక్రి. స్క్రూ దొరికాక లేచి, దుమ్ము ఊది, “ఏడాదిన్నర పట్టిందా ఆ ఒక్క ముక్కకి?” అన్నాడు.

దినకర్ బంకు చెక్కకి ఆనుకున్నాడు.

“నా పక్క మిషను నీకు తీసి ఉంచుతా,” అన్నాడు చివరికి.

“నాకు పనుంది,” అన్నాడు జక్రి. వస్తానని గానీ రానని గానీ అనలేదు.

శనివారం దినకర్ షాపుకి సగం రోజు సెలవు పెట్టాడు. రెండింటికల్లా సెంటరుకొచ్చి పక్కపక్క మిషన్లు రెండు తీసుకున్నాడు. రెండింట్లోనూ గోడౌను పెట్టాడు, శత్రువులు లేకుండా. ఒకదాంట్లో జక్రి మనిషిని గేటు దగ్గర నిలబెట్టి వదిలేశాడు. రెండోదాంట్లో తన మనిషిని నడిపించుకుంటూ పోయి గోడవైపు కూర్చోబెట్టి, చిటికెనవేలు మీటమీద పెట్టాడు.

మూడయింది. కింద సైకిలు షాపులో ట్యూబుకి గాలి కొడుతున్నారు. మెట్లమీద అడుగులు వినపడ్డప్పుడల్లా దినకర్ తల తిప్పాడు. ఎవరో కుర్రాళ్లు. ఫొటోలు తీయించుకోటానికి దారి తప్పి వచ్చిన ముసలాయన. మళ్లీ కుర్రాళ్లు.

వేలు తిమ్మిరెక్కింది. వదలలేదు. చూడటానికి గోడ తప్ప ఏం లేదు. ఆ గోడకి సున్నం ఒకచోట పెచ్చులూడి ఉంది, కింద నాలుగు ఇటుకలు కనపడుతున్నాయి. వెయ్యిసార్లు ఆ పక్కనించి గెంతుకుంటూ పోయాడు. ఇటుకలున్నాయని ఎప్పుడూ చూడలేదు.

నాలుగున్నరకి ఉస్తాద్ పక్కకొచ్చి నిలబడ్డాడు.

“ఐదుకి పేర్లు ఆపేస్తారు. ఇంకా అరగంటుంది. ఆ లోడు దించే ఆయన పేరు రాసి పంపకూడదూ?”

“వొద్దు ఉస్తాద్.”

ఐదయింది. ఐదుంపావయింది.

“అయిపోయింది గదరా పోటీ. ఇంక లే.”

“ఇంకాసేపు.”

ఆరింటికి కరెంటు ఒకసారి రెప్పేసి వచ్చింది. మిషన్లు రెండూ ఆరిపోయాయి. తెరలు నల్లబడ్డాయి. అప్పుడు తీశాడు వేలు. చాపితే సాగలేదు. రెండో చేత్తో దాన్ని మెల్లిగా విప్పుకుంటూ, పక్కనున్న ఖాళీ కుర్చీని బల్లకిందికి తోసి, కౌంటరు దగ్గరికొచ్చాడు.

ఉస్తాద్ పుస్తకం చూసుకున్నాడు.

“నాలుగ్గంటలు. గంటకి ముప్పై అయిదు. నూటనలభై ఇవ్వు. రెండోదాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అది లెక్కలోది కాదులే.”

దినకర్ జేబులోంచి నోట్లు తీశాడు. తిమ్మిరెక్కిన చిటికెనవేలు సహకరించక ఎడంచేతిలో నోట్లు జారుతుంటే, బల్లమీద పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. రెండు వందల ఎనభై.