మీరుండండి

సువర్చల టెన్నిస్ మానేద్దామని నిశ్చయించుకుంది. ఆ మాట చెప్పి రావడానికి తన గురువు జ్ఞానసుందరం టీచర్ దగ్గరికి బయల్దేరింది.

నిశ్చయం గట్టిదే అయితే ఫోనులో చెప్పినా సరిపోయేది. ఆమె మాత్రం భర్తనూ, రెండేళ్ళ కూతురు మిన్నునూ వెంటబెట్టుకుని, రాకెట్ల సంచీ భుజాన తగిలించుకుని గుంటూరు నుంచి బాపట్ల దాకా వచ్చింది.

జ్ఞానసుందరం టీచర్ అక్కడి ఒక బాలికల బడిలో వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసింది. ఉద్యోగం ఎప్పుడో విరమించింది. బడి వెనకున్న ఎర్రమట్టి కోర్టు మాత్రం ఆమెను విరమించనివ్వలేదు. రోజూ ఎండ వాలగానే వచ్చి, కోర్టుకు నీళ్ళు చల్లి, పిల్లల చేత రోలరు లాగించి, ఆట నేర్పుతుంది. సువర్చల మొట్టమొదట రాకెట్ పట్టుకున్నది ఆ కోర్టులోనే. ఇప్పుడామె దేశమంతా తిరిగి ఆడే మనిషి. ఆటే ఆమె ఉద్యోగం.

వాళ్ళు వెళ్ళేసరికి టీచర్ వంగి, కోర్టు అంచు గీతకు సున్నం వేస్తోంది.

"రా అమ్మాయ్. గీత తొక్కకు, తడిగా ఉంది" అంది, తల ఎత్తకుండానే.

సువర్చల గీత దాటి వచ్చి సిమెంటు బల్ల మీద కూర్చుంది. పక్కన కిరీటి కూర్చున్నాడు, మిన్నును ఒళ్ళో పెట్టుకుని. అతను పశువుల డాక్టరు.

"నా వల్ల కావడం లేదు టీచర్" అంది సువర్చల.

"ఏది?"

"రెండూ."

టీచర్ సున్నం డబ్బా కింద పెట్టి, చీర కొంగుకి చేతులు తుడుచుకుని, ఎదురుగా కూర్చుంది.

"పూణే పోటీలకి దీన్ని తీసుకెళ్ళాను. వెళ్ళిన రెండో రోజే జ్వరం. రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని, పొద్దున కోర్టులో దిగాను. ఓడిపోయాను. సరే, బెంగళూరుకి దీన్ని ఇంట్లో వదిలి వెళ్ళాను. అక్కడా ఓడిపోయాను."

"అప్పుడూ జ్వరమేనా?"

"అప్పుడు జ్వరం నాకొచ్చిందండీ, ఫోన్లెత్తలేక" అన్నాడు కిరీటి. "పాలు కాచారా, ఎంత కాచారు, ఏ గిన్నెలో కాచారు అని. ఆటకి వెళ్ళే బస్సులోంచి కూడా."

"మీరుండండి" అంది సువర్చల.

అతను ఊరుకున్నాడు. ఆ మాటకి ఊరుకోవడం అతనికి అలవాటే.

"ఇప్పుడు ట్యునీషియాలో పోటీలు టీచర్. మూడు వారాలు ఉండాలి. అక్కడ గట్టిగా ఆడితే పెద్ద పోటీలకి దారి దొరుకుతుంది. వెళ్ళకపోతే ఇక నా వయసుకి ఆ దారి మూసుకున్నట్టే. ఈ సాయంత్రం ఏడింటిలోపు పేరు తీసేసుకోవచ్చు. తీసేసుకుందామనే వచ్చాను."

"తీసేసుకుని?"

"ఇంట్లో ఉంటాను. పిల్లని చూసుకుంటాను." భుజాన్నుంచి సంచీ దించి అంది. "ఆ మధ్య పేపర్లో రాశారు కదా, ఇంటినీ ఆటనీ ఒంటిచేత్తో నడిపిస్తున్న తల్లి అని. ఆ రోజు ఎంత పొంగిపోయానో. ఇప్పుడా చెయ్యి పడిపోతోంది టీచర్."

"చూశాను. ఫొటో కూడా వేశారు. చంకలో పిల్ల, చేతిలో రాకెట్. కిరీటి బాబు కనబడలేదు అందులో."

"ఫొటో తీసింది నేనేనండి" అన్నాడు కిరీటి. ఎలాగూ నోరు తెరిచాను కదా అన్నట్టు ఇంకో మాట కూడా అన్నాడు. "మూడు వారాలూ సెలవు పెడతానని చెప్పానండీ. వినదు. నన్ను నమ్మి ఊళ్ళో జనం చూడి గేదెల్ని అప్పజెప్తారు. ఈవిడ పాలసీసా అప్పజెప్పదు."

"దీనికి పాలసీసా ఎలా పట్టాలో ఆయనకి తెలీదు టీచర్. స్నానం చేయించమంటే నేల కడుగుతారు."

టీచర్ ఇద్దరినీ చూసింది. ఎవరి పక్షమూ పలకలేదు. లేచి, గోడకి ఆనించి ఉన్న పాత రాకెట్ ఒకటి తెచ్చి కిరీటి చేతిలో పెట్టింది.

"ఎప్పుడైనా పట్టావా బాబూ?"

"దోమల బ్యాటైతే రోజూ పడతానండి."

"అది చాలు."

కోర్టులో అప్పటికే ఇద్దరు తొమ్మిదో తరగతి అమ్మాయిలు బంతి కొట్టుకుంటున్నారు. ఎస్తేరు, నాగలత. టీచర్ వాళ్ళని పిలిచి, "మీరిద్దరూ అటు. వీళ్ళిద్దరూ ఇటు. ఒక సెట్ ఆడండి" అంది.

"పిల్లలతోనా టీచర్?" అంది సువర్చల.

"ఏడింటిదాకా నీకు వేరే పనుందా?"

మిన్ను టీచర్ ఒళ్ళోకి మారింది. ఆట మొదలైంది.

సువర్చల ఆడేది సింగిల్స్. చిన్నప్పటినుంచీ నెట్‌కి ఇవతల ఎక్కడ బంతి పడినా అది ఆమెదే. పక్కన ఇంకో మనిషి ఉండడమన్నది ఆమె కాళ్ళకి తెలియదు.

కిరీటి వైపు మొదటి బంతి నెమ్మదిగానే వచ్చింది. అతను రాకెట్ ఎత్తాడు.

"మీరుండండి" అని వెనకనుంచి వినబడింది. సువర్చల అతని ముందునుంచి దూసుకెళ్ళి కొట్టింది. పాయింట్ వచ్చింది.

రెండో బంతికీ అంతే. మూడోదానికీ అంతే. కిరీటి రాకెట్ ఎత్తుతాడు, మీరుండండి వినబడుతుంది, దించుతాడు. అటూ ఇటూ కలిపి కోర్టంతా ఆమే పరుగెత్తుతోంది. చూసేవాళ్ళకి ముచ్చటగానే ఉంది.

నెట్‌కి అటువైపు నాగలత వచ్చి ఎస్తేరు చెవిలో ఏదో చెప్పింది. ఆ తరువాత ఆట మారిపోయింది. వాళ్ళు మొదటి బంతి కిరీటికి వేస్తారు. సువర్చల దానికోసం పరుగెత్తుకొస్తుంది. రెండో బంతి ఆమె వదిలొచ్చిన మూలకి వేస్తారు. అక్కడ ఎవరూ ఉండరు.

"అక్కా, నీ మూల చూసుకో" అని ఎస్తేరు ముందే చెప్పి మరీ కొట్టింది. చెప్పినా అందలేదు.

వరసగా మూడు గేములు పిల్లలకే వెళ్ళాయి. సువర్చల రొప్పుతోంది. కిరీటికి మాత్రం చెమట కూడా పట్టలేదు.

"నేను పోయి బల్ల మీద కూర్చోనా? దారికి అడ్డంగా గొడ్డు నిలబడ్డట్టుంది నీకు" అన్నాడు.

ఆ తరువాతి బంతి ఇద్దరి మధ్యకి వచ్చింది. ఇద్దరూ గుద్దుకున్నారు. బంతి ఎవరికీ తగలకుండా వెనక్కి దొర్లిపోయింది.

"చెప్పానా, మీరుండండని."

"ఉన్నానుగా. నేనున్నచోటికే వచ్చి గుద్దావు."

టీచర్ ఒళ్ళో మిన్ను చప్పట్లు కొట్టి నవ్వింది. ఇంకోసారి గుద్దుకుంటారేమోనని ఆశగా చూసింది.

టీచర్ మిన్నును బల్ల మీద కూర్చోబెట్టి లేచింది. సున్నం డబ్బా తీసుకుని కోర్టులోకి వచ్చింది. నెట్ దగ్గర బయల్దేరిన నడిమి గీత కోర్టు సగంలోనే ఆగిపోతుంది. ఆమె దాన్ని అక్కడితో ఆపకుండా, భార్యాభర్తలిద్దరి మధ్యనుంచీ వెనక అంచుదాకా లాగింది. తొందరపడకుండా, వంకర లేకుండా వేసింది. వేసి నడుం ఎత్తింది.

"ఇదీ తడిగానే ఉంది" అంది సువర్చలతో. "కాలు దాటకూడదు. మాట కూడా దాటకూడదు."

"మరి ఆయన బంతి పోతే?"

"పోనీ."

"ఓడిపోతాం టీచర్."

"ఇప్పుడు గెలుస్తున్నారా?"

టీచర్ వెళ్ళి బల్ల మీద కూర్చుంది.

నాగలత వేసిన బంతి కిరీటి వైపు వచ్చింది. సువర్చల కాలు కదిలి, గీత ముందు ఆగింది. కిరీటి బలంకొద్దీ ఊపాడు. బంతి నెట్‌లో పడింది. సువర్చల నోటిదాకా మాట వచ్చింది, మింగేసింది. చిన్న మాటే. గొంతు దిగడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

ఆ తరువాతి బంతి బడి గోడ దాటి వీధిలో పడింది. ఎస్తేరు పరుగెత్తుకెళ్ళి తెచ్చింది. ఇంకొకటి టీచర్ కాళ్ళ దగ్గరికి వెళ్ళింది.

"బాగా ఎగురుతోందండీ ఇది" అన్నాడు కిరీటి, తప్పు బంతిదే అన్నట్టు.

సువర్చల పైకి చూసింది, కిందికి చూసింది. రాకెట్ తీగలు సర్దుకుంది. రాకెట్ ఊపకండి, చెయ్యి గట్టిగా ఉంచండి అని చెప్పడానికి ఒక్క క్షణం పట్టదు. ఆ క్షణం ఆమె దగ్గర లేకుండా చేసింది టీచర్.

నాలుగైదు బంతులు పోయాక కిరీటి ఊపడం తనంతట తనే మానేశాడు. రాకెట్‌ని తడికలా అడ్డం పెట్టి ఊరికే నిలబడ్డాడు. బంతి వచ్చి దానికి తగిలి, చప్పుడు లేకుండా నెట్ అవతల జారిపడింది. అమ్మాయిలిద్దరూ వెనక ఎక్కడో ఉన్నారు.

"సార్‌కి వచ్చేసిందే" అంది నాగలత.

కిరీటి రాకెట్‌ని తిప్పి అటూ ఇటూ చూశాడు. తరువాత సువర్చల వంక చూశాడు. చూశావా అన్నట్టుంది అతని మొహం.

ఆమె తన సగంలో తను నిలబడి ఆడింది. అందులోకి వచ్చిన బంతి ఒక్కటీ వదల్లేదు. ఎస్తేరు ఎన్నిసార్లు ఆ మూలకి వేసినా అక్కడ మనిషి ఉంది. మధ్యమధ్య, బంతి కిరీటి వైపు ఉన్నప్పుడు, ఆమెకి ఊపిరి తీసుకోవడానికి తీరిక దొరికింది. ఆ తీరికలోనే ఆమెకి ఒక సంగతి కనబడింది. బంతి వస్తుంటే అతను నాలుక కొసని పళ్ళ మధ్య నొక్కిపెట్టుకుంటాడు, మిన్ను చెప్పు తొడుక్కునేటప్పుడు పెట్టినట్టే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె అది చూడలేదు.

సెట్ పిల్లలే గెలిచారు. కాకపోతే చివరి గేముకి ఇద్దరి జడలూ చెమటకి తడిసి ఉన్నాయి.

"రేపు కూడా వస్తారా సార్?" అని అడిగింది ఎస్తేరు. ఆమె అడిగింది సువర్చలని కాదు.

అప్పుడు చూశారు అందరూ. మిన్ను ఎప్పుడు బల్ల దిగిందో, కొళాయి దగ్గర నీళ్ళు నిలిచిన చోట కూర్చుని ఉంది. నడుముదాకా ఎర్రమట్టి. బుగ్గల మీద కూడా పూసుకుంది. టీచర్ పక్కనే నిలబడి చూస్తోంది.

"ఆపలేదేంటి టీచర్?" అంది సువర్చల.

"ఎందుకూ, బాగానే ఉందిగా అది."

సువర్చల రెండడుగులు వేసేలోపు కిరీటి అక్కడికి చేరిపోయాడు. ఆమె నిలబడిపోయింది. వెనక్కి వచ్చి బల్ల మీద కూర్చుని ఫోను చేతిలోకి తీసుకుంది. ఏడు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి. పేరు తీసేసుకునే చోటు తెరిచింది. ఒక్కసారి వేలు ఆనిస్తే అయిపోతుంది.

కొళాయి దగ్గర కిరీటి పిల్లని నిలబెట్టి, దూడని కడిగినట్టు ముందు పాదాల మీద నీళ్ళు పోశాడు. తరువాత మోకాళ్ళ మీద, ఆ తరువాత నడుం మీద. మిన్ను మొదట కీచుమంది. తరువాత తనే దోసిలి పట్టి నీళ్ళు అతని మొహాన కొట్టింది. నేలంతా నీళ్ళయింది. అతని ప్యాంటు కూడా తడిసింది.

"తువ్వాలేదీ?" అని అతను ఇటు తిరిగి అడిగాడు.

తువ్వాలు రాకెట్ల సంచీ పక్క జేబులో ఉంది. సువర్చల సగం లేచింది. టీచర్ ఆమె వంక చూడను కూడా లేదు. సున్నం డబ్బా మూత బిగిస్తోంది.

సువర్చల మళ్ళీ కూర్చుంది.

కిరీటి ఒక్క నిమిషం అటూ ఇటూ చూశాడు. తరువాత టక్కు లాగి, చొక్కా కొసతో పిల్లని తుడవడం మొదలుపెట్టాడు. తల, మెడ, చేతులు. అమ్మాయిలిద్దరూ మూతులకి చేతులడ్డం పెట్టుకుని నవ్వారు.

"టీచర్, చూడండి" అంది సువర్చల మెల్లిగా. "పొద్దున పశువుల ఆసుపత్రికి వేసుకెళ్ళిన చొక్కా అది."

టీచర్ మూత బిగించడం ఆపింది.

"పిల్ల ఒళ్ళు ఆరిందా?"

సువర్చల అటు చూసింది. మిన్ను తండ్రి భుజాలెక్కి, రెండు చేతులా జుట్టు పట్టుకుని, అతను ఎటు తిరిగితే అటు ఊగుతోంది. అతను తనలో తనే ఏదో పాడుకుంటూ గోడ పక్కన నడుస్తున్నాడు. ఎవరివంకా చూడడం లేదు.

ఆమె చాలాసేపు చూసింది.

"ఆరింది టీచర్" అంది.

ఫోను సంచీలో వేసి జిప్పు లాగింది.