పాలగిన్నె మీద మూత

దస్తగిరమ్మ ఇంక రానని కబురు పంపింది. నోరు విప్పిన రోజే మళ్ళీ మూసేసుకుంది మనిషి. అందులో తన తప్పేముందో రమీజాకి అంతుబట్టలేదు.

నాపరాళ్ళ గనుల పక్కనున్న ఆ ఊళ్ళో చిన్న దర్గా ఒకటుంది. దాని వసారాలో ప్రతి బేస్తవారం ఆడవాళ్ళు చేరతారు. మధ్యలో నానీమా కూర్చుంటుంది. సూఫీల దారిలో నడిచిన ముసలామె. పళ్ళు ఊడాయి గానీ మాటలో పదును పోలేదు. వచ్చినవాళ్ళు కడుపులోది చెప్పుకుంటారు. ఆమె విని, ఒకటో రెండో మాటలు చెబుతుంది. అవన్నీ గాలికి పోతున్నాయని, పుస్తకం వేద్దామని, శిష్యురాలు రమీజా రాయడం మొదలుపెట్టింది. పేర్లు రాయకూడదని ఒప్పందం. గొంతు రికార్డు చేస్తామంటే మాత్రం ఒక్కతీ నోరెత్తదు. ఆ ఊళ్ళో ఎవరి గొంతు ఎవరికి తెలీదు గనక!

రాయడానికి రమీజా చిన్న టాబ్లెట్ కొనుక్కుంది. పలకంత ఉంటుంది. కింద కీబోర్డు తగిలిస్తే కంప్యూటరు, పీకేస్తే ఒట్టి అద్దం. రమీజా మీటల వైపు చూడకుండా తెలుగు టైపు కొట్టి పరీక్ష పాసైన పిల్ల. అయినా కొన్న వారానికే కీబోర్డు పీకి, దర్గా వెనకే ఉన్న నానీమా ఇంట్లో, వంటగది గూట్లో పడేసింది.

"ఏమ్మే, కొని మరీ పారేస్తావా?" అంది నానీమా.

"దండగ బరువు నానీమా. ఇప్పుడంతా అద్దం మీదే. అది పట్టుకుని కూర్చుంటే చూసినోళ్ళు గుమాస్తా అనుకుంటారు."

ఎవరు చూస్తారని? ఆ చూసేవాళ్ళు ఎప్పుడూ మన తలలోనే కాపురముంటారు, అద్దె కూడా ఇవ్వరు. నానీమా దాన్ని గూట్లోంచి తీసింది. కీబోర్డు దులిపి, చల్లారిన పాలగిన్నె మీద మూత పెట్టుకుంది. కొలిచి చేయించినట్టు సరిపోయింది.

అద్దం మీద రాయాలంటే అద్దంలోకే చూడాలి. అక్షరాల గళ్ళు తెరలో సగం మింగేస్తాయి. ఏ గడి ఎక్కడుందో వేలికి తెలీదు, అంతా ఒకటే నునుపు. ఒత్తు వచ్చిందంటే వెతుకులాటే. రమీజా వంచిన తల ఎత్తేది కాదు. వచ్చిన ఆడవాళ్ళు ఆమె పాపిడికి తమ కష్టం చెప్పుకునేవాళ్ళు.

దస్తగిరమ్మ మొగుడు గనిలో రాయి విరిగి మీద పడి చనిపోయాడు. అప్పట్నుంచి ఆమె ఏడవలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ప్రతి వారం వచ్చి, స్తంభానికి ఆనుకుని కూర్చుని, వెళ్ళిపోయేది. మొన్న బేస్తవారం, ఎవరూ అడక్కుండానే అంది:

"ఆ పొద్దు మేం పోట్లాడుకుంటిమి. నేను సద్ది కట్టియ్యలా..."

"ఒక్క నిమిషం ఆగక్కా," అంది రమీజా తలెత్తకుండా. ఏదో అక్షరం దొరకలేదు. "ఆఁ, చెప్పు. ఏం కట్టియ్యలా?"

దస్తగిరమ్మ ఆ వంచిన తలకేసి కాసేపు చూసింది. కొంగు సర్దుకుంది. "ఏం లేదులేమ్మా," అని లేచిపోయింది.

ఇప్పుడేమో ఈ కబురు.

రమీజా వెళ్ళేసరికి నానీమా తన ఇంటి గడప దగ్గర కూర్చుని తస్బీ తిప్పుతోంది. మామూలుగా ఆ జపమాల దాని దారిన అది తిరుగుతుంది. నానీమా కళ్ళు ఎదుటి మనిషి మొహం మీదే ఉంటాయి.

"నేనేం చేశా నానీమా? ఒక్క మాటా పోకూడదనే కదా ఆగమన్నా?"

నానీమా తల వంచి మాలను కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. ఒక పూసని చూసి జరిపింది. ఇంకోదాన్ని చూసి జరిపింది.

"చెప్పు, చెప్పు. వింటున్నా."

"నాకు అన్నం తినబుద్ధి కాలా. ఆమె మళ్ళీ నోరు విప్పకపోతే..."

"ఆగాగు." పూసని ముక్కుకి ఆనించుకుని పరీక్షగా చూసింది నానీమా. "ఆఁ. ఏం తిన్నావు?"

"తినలా అంటున్నా! ఆ మాట లోపలే పెట్టుకుని ఆమె ఏమైపోతుందో అని నాకు భయంగా ఉంది. నా వల్లే..."

"ఉండవే, ఈ ఒక్క పూస..."

రమీజాకి ఒళ్ళు మండిపోయింది. "ముందు నా మొహం చూడు నానీమా!"

అనేశాక, ఆ మాట తన చెవినే పడింది.

నానీమా తలెత్తింది. కళ్ళ నిండా చూసింది. చేతిలో పూసలు కదులుతూనే ఉన్నాయి. పెద్దపూస తగిలిన చోట, చూపు తిప్పకుండానే, వేలు ఆగింది.

రమీజా లోపలికి వెళ్ళి పాలగిన్నె మీది మూత తెచ్చుకుంది. మీటల మీది జిడ్డు గుడ్డతో తుడిచి, అద్దాన్ని దానికి తగిలించింది. చూపుడువేళ్ళు రెండూ ఆన్చింది. రెండు మీటల మీద ఉబ్బెత్తుగా రెండు సన్న గీతలు, చూడకుండానే వేళ్ళకి చోటు తెలియడానికి. ఎరిగున్న ఇంటి గడప కాలికి తగిలినట్టయింది.

ఆ సాయంత్రమే వెళ్ళి దస్తగిరమ్మ గుమ్మం బయట నిలబడింది. "అక్కా, ఆ పొద్దు నీ మొహం చూడలేదు. తప్పు నాదే. ఈసారి చూస్తా. రా."

దస్తగిరమ్మ వస్తాననలేదు. రాననీ అనలేదు.

బేస్తవారం ఎప్పటిలా స్తంభం దగ్గర కూర్చుంది. చాలాసేపు రమీజా మొహమే చూసింది. ఆ మొహం వంగలేదు.

"సద్ది కట్టియ్యలా," అంది చివరికి. "ఆకలితోనే పాయ."

రమీజా చూపు కదల్లేదు. ఒళ్ళో వేళ్ళు మాత్రం నడుస్తున్నాయి, టకటకమని. ఆ చప్పుడుకి దస్తగిరమ్మ మొదట ఉలిక్కిపడింది, తర్వాత మరిచేపోయింది. చెప్పింది, ఏడ్చింది, మళ్ళీ చెప్పింది. రమీజా కళ్ళూ కారుతున్నాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

అంతా అయ్యాక దస్తగిరమ్మ ముక్కు చీదుకుని అడిగింది: "నా మొహమే చూస్తా కూచుంటివే! ఏమీ రాసుకోలేదామ్మా?"

"అంతా ఉందక్కా," అని రమీజా మొదటి మాట నుంచి చదివి వినిపించింది.

దస్తగిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. "నా పేరు వద్దు," అంది. "ఆయన పేరు మాత్రం రాయి."

పేరు చెప్పింది. మీటలు టకటకమన్నాయి.

అంతలో నానీమా ఖాళీ గిన్నె పట్టుకుని వసారాలోకి వచ్చింది.

"మూత లేదని కనిపెట్టి పిల్లి పాలన్నీ తాగిపోయిందే," అంది. "ఇయ్యాల అందరికీ నల్ల టీనే."