టీ గ్లాసుల కింద చెక్క

పేరు పడింది గానీ పని పడలేదు. కేశవులు కష్టమంతా ఆ ఒక్క ముక్కలో ఉంది.

మూరెడు నల్ల పలకరాయి మీద, పైన 'చెన్నకేశవులు' అని తెల్లగా, ముచ్చటగా పడింది. దాని కింద రెండు వరసల్లో 'అన్ని రకాల మిషన్లు రిపేరు చేయబడును' అని పడాలి. ఒక వరస మసగ్గా పడింది. రెండో వరస అసలు పడనే లేదు. రాయి నున్నగా అట్టాగే ఉంది.

చూడొచ్చిన బజారంతా నవ్వింది. నేనూ నవ్వాను, దాచడమెందుకు.

ముందు ఎవరెవరో చెప్పాలి గదా. మాది మార్కాపురం. పలకలు కోసే సందులో కాశింపీరా ఉస్తాదు షెడ్డు ఉంది. ఆ గోడకానుకునే నా టీ బంకు. నా పేరు సుబ్బరత్తమ్మ, అందరికీ రత్తమ్మను. కుట్టుమిషను కానీ, పలకలు కోసే రంపం మిషను కానీ, ఉస్తాదు చెయ్యి పడితే మళ్ళీ తిరగాల్సిందే. మాట దగ్గర మాత్రం పరమ పిసినారి. పొద్దున ఒక టీ, సాయంత్రం ఒక టీ, రెండూ చక్కెర లేకుండా. ఇరవై ఏళ్ళలో ఆయన నాతో మాట్లాడిన మాటలన్నీ కుప్పేసినా ఒక పూట కబుర్లకు చాలవు.

కేశవులు ఆయన శిష్యుడు. ముప్పై దాటినోడు, ఇద్దరు పిల్లల తండ్రి. తొమ్మిదేళ్ళుగా ఉస్తాదు దగ్గరే ఉన్నాడు. చెయ్యి మంచిది, నోరు పెద్దది.

ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉంది. శిష్యుడు ఒక చచ్చిన మిషన్ని తనంతట తాను లేపాలి. లేపితే ఉస్తాదు తన సంచిలోంచి ఒక పానా తీసి చేతిలో పెడతాడు. అది చేతిలో పడితే ఇంక సొంత కొట్టు పెట్టుకోవచ్చు. పానా లేకుండా పెట్టుకుంటే ఎవరూ అడ్డం రారు గానీ, మా బజార్లో ఒక్కరు కూడా పని ఇవ్వరు. ఇంతకు ముందు ఇద్దరికే ఇచ్చాడు. ఒకాయన కనిగిరిలో ఉన్నాడు, ఒకాయన గిద్దలూరులో ఉన్నాడు. మూడోవాణ్ణి నేనేనని కేశవులు నాతో ఎన్నిసార్లు అన్నాడో లెక్కలేదు.

అందుకని వినుకొండలో ఒక పెద్దాయన కొట్టు మూసేస్తుంటే, ఆయన దగ్గర మూలపడ్డ లేజరు మిషన్ని తెచ్చుకున్నాడు. గాజు గొట్టంలో పుట్టిన వెలుగు మూడు అద్దాల మీద పడి, మలుపులు తిరిగి, చివరికి సూదిమొనంతై రాయి మీద రాస్తుందంట. తెచ్చిన రోజు దాని అవతారం చూడాలి! బయటంతా తుప్పు, లోపల ఎలక గూడు.

నాలుగు రోజులు దాంతోనే ఉన్నాడు. తుప్పు గీకాడు, బెల్టులు మార్చాడు, అద్దాలు తుడిచి సరిచేశాడు, పైన నీలం రంగు కొట్టాడు. రాయి పెట్టే చోట అడుగున ఒక చెక్క ఉంటే, అదంతా మసిబారి ఉందని, "ఈ దరిద్రం ఎందుకు?" అని బయటికి విసిరేశాడు. మంచి చెక్క. నేను తెచ్చుకుని, బూడిదేసి తోమి, గ్లాసులు పెట్టుకోడానికి వాడుకుంటున్నా. మసి పోయింది గానీ కాలిన గీతలు పోలేదు.

"లేచింది ఉస్తాద్!" అన్నాడు నాలుగో రోజు.

ఉస్తాదు మిషను చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

"అమ్మినాయన ఏం చెప్పాడు?"

"ఆయనేం చెప్తాడు ఉస్తాద్, ముసలాయన. ఏదో చెప్పబోయాడు గానీ లారీకి టైమైందని వచ్చేశా."

ఉస్తాదు తలూపాడు.

మర్నాడు బజారందర్నీ పిలిచాడు కేశవులు. బూందీ కూడా తెచ్చాడు. తన కొట్టుకు తగిలించుకునే పేరు పలకే మొదటి పని, అది అయిపోగానే ఉస్తాదు పానా ఇస్తాడు, అదీ వాడి లెక్క. అప్పుడు జరిగిందే నేను ముందు చెప్పింది.

"పేరొచ్చింది గానీ పని రాలేదేందిరా!" అన్నాడు పలకల కొట్టు ఆంజనేయులు. బూందీ తింటానే అన్నాడు.

కేశవులు మొహం మాడిపోయింది. "వేడికి ఉస్తాద్. మే నెల గదా. మొదలు బాగా రాస్తది, పోను పోను నీరసపడిపోతది" అన్నాడు.

అట్టా అనుకోడానికి కారణం ఉంది. మిషను పైనుంచి మొదలుపెట్టి గీత తర్వాత గీత కిందికి దిగతా రాస్తుంది. పైది ముందు పడుతుంది, కిందది చివర పడుతుంది. గంటసేపు చల్లారనిచ్చి, చిన్న రాయి ముక్క పై మూలన పెట్టి రాయిస్తే మళ్ళీ ముత్యంలాగా పడేది. ఇంకేముంది, వేడే అని ఖాయం చేసుకున్నాడు.

ఇంక చూడండి వాడి అవస్థ. గొట్టాన్ని చల్లబరిచే నీళ్ళ బకెట్లో సోడా కొట్టు నుంచి ఐసుగడ్డలు తెచ్చి వేశాడు. నా బంకులో మజ్జిగకు లేని ఐసు మిషను బకెట్లో తేలాడింది. ఫ్యాను పెట్టాడు. తడి గోనెపట్టా కప్పాడు. ఏదీ కుదరక హైదరాబాదు నుంచి కొత్త గొట్టం తెప్పించి బిగించాడు. రెండో పలక పెట్టాడు. పేరు పడింది, పని పడలేదు. మూడో పలకా అంతే. మూడు పలకలు గోడకానించి ఉన్నయ్, మూడింటి మీదా వాడి పేరే.

మూడోది చెడిన రోజు సాయంత్రం వాడు మిషను పక్కన చతికిలబడ్డాడు.

"నావల్ల కాదు ఉస్తాద్. ఆ పానా నాకు రాసిపెట్టి లేదేమో" అన్నాడు. నాకు అయ్యో అనిపించింది. ఎంత నోరున్నా వాడు చెడ్డోడు కాదు.

ఉస్తాదు చేతులు తుడుచుకున్నాడు.

"టీ తాగుదాం రా."

ఇద్దరూ వచ్చి బల్ల మీద కూర్చున్నారు. నేను చెక్క మీద రెండు గ్లాసులు పెట్టి ముందుంచాను. ఉస్తాదు తన గ్లాసు ఎత్తి, పక్కకు జరిపి పెట్టాడు. కేశవులు గ్లాసు కూడా ఆయనే ఎత్తి పక్కకు జరిపాడు. తాగాడు, లేచి పోయాడు.

రెండో రోజూ అంతే. కేశవులు పొద్దుటి నుంచి మిషను జోలికే పోలేదు, గోడకేసి చూస్తా కూర్చున్నాడు. సాయంత్రమయ్యేసరికి ఉస్తాదు, "టీ తాగుదాం రా." నేను గ్లాసులు పెట్టడం, ఆయన వాటిని ఎత్తి పక్కకు జరపడం. నాకు చిర్రెత్తుకొచ్చింది. నేను పెట్టిన చోటు ఆయన కంటికి ఆనలేదా ఏంది!

"వాడక్కడ కుమిలిపోతా ఉంటే టీ టీ అంటావేంది ఉస్తాదూ? ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం పోయింది?" అన్నాను.

"ఇంకొంచెం పొయ్ రత్తమ్మా" అన్నాడు.

మూడో రోజు ఆయన గ్లాసులు జరపబోతే కేశవులు తట్టుకోలేకపోయాడు.

"ఎందుకుస్తాద్ రోజూ అటు జరుపుతారు? ఇక్కడుంటే ఏమైంది?"

"ఇటు శుభ్రంగా ఉంది" అన్నాడు ఉస్తాదు.

కేశవులు విసుగ్గా చెక్క వైపు చూశాడు. మళ్ళీ చూశాడు. రెండు గ్లాసులూ తీసి బల్ల మీద పెట్టి, చెక్కను దగ్గరికి లాక్కున్నాడు.

చెక్కలో సగం నిండా కాలిన గీతలు. వినుకొండ పెద్దాయన పెళ్ళిళ్ళకు, బళ్ళో షీల్డులకు అక్షరాలు కోస్తే, కోసినప్పుడల్లా కింది చెక్కకు వాతలు పడ్డాయి. పేరు మీద పేరు, పెళ్ళికొడుకు మీద పెళ్ళికూతురు, ఏళ్ళ తరబడి. అట్టా వచ్చి వచ్చి నడిమికొచ్చేసరికి గీతలు సన్నబడ్డాయి. ఆ తర్వాత ఏమీ లేదు. మిగతా సగం చెక్క ఇప్పుడే చిత్రిక పట్టినట్టు తెల్లగా ఉంది.

"అక్కా, ఈ చెక్క ఎక్కడిది?"

"నువ్వు పారేసిందే గదయ్యా. మర్చిపోయావా?"

వాడు ఆ తెల్లటి సగం మీద అరచేత్తో తడిమాడు. తర్వాత మెల్లగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు అన్నాడు.

"ఒకోసారి కాదు. ఒకోచోట."

నాకప్పుడు ఏం అర్థం కాలేదు. ఉస్తాదు టీ తాగతా ఉన్నాడు.

కేశవులు ఫోను తీసి వినుకొండ పెద్దాయనకు చేశాడు. నాకూ వినపడేంత గట్టిగా మాట్లాడాడు పెద్దాయన. "ఔను నాయనా, కింది సగం రాయదు. నేను కొన్ననాటి నుంచీ అంతే. పై సగంలోనే సర్దుకున్నా. ఆ రోజు చెప్పబోతే నువ్వు లారీ ఎక్కావు గదా."

"మీరే ఎవరికీ చూపించలేదా అండీ?"

"చూపించా నాయనా. వచ్చినోళ్ళంతా నీకు మల్లే తొందరోళ్ళే."

కేశవులు చెవులు ఎర్రబడ్డాయి. "తప్పయింది పెద్దాయనా" అన్నాడు. ఆ మాట వాడి నోట్లోంచి రావడం నేను తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి వినడం.

ఫోను జేబులో పెట్టుకుని చెక్క చంకనేసుకుని లేచాడు.

"ఒరేయ్, నా చెక్క! నా గ్లాసులు దేని మీద పెట్టుకోను?" అని అరిచా. వినిపించుకుంటేగా.

నేనూ వెనకాలే పోయి షెడ్డు గుమ్మంలో నిలబడ్డా. చెక్కను దాని చోట్లో పెట్టాడు. అంచుకు అంచు కుదిరింది, తెల్లటి సగం కింది వైపుకొచ్చింది. తర్వాత రెండో అద్దం ముందు గమ్ముకాయితం ముక్క అంటించి మీట నొక్కాడు. కాయితం నడిమిన ఆవగింజంత కాలింది. ఆ అద్దం ఉన్న కమ్మీని కింది కొసకు జరిపి మళ్ళీ నొక్కాడు. ఈసారి మచ్చ కాయితం అంచుకు పోయింది. అద్దాలు సరిచేసిన రోజు కమ్మీని పైన, మొదటి అద్దానికి దగ్గరే ఉంచి చూసుకున్నాడంట, దూరం జరిపి చూడలేదంట. దూరం పోయేకొద్దీ వెలుగు పక్కకు జారిపోయి అద్దాన్ని తప్పిపోతోంది. నీరసం లేదు, వేడీ లేదు.

మొదటి అద్దం వెనకాల మూడు మరలున్నాయి. ఒకదాన్ని పావు చుట్టు తిప్పాడు. దగ్గర నొక్కాడు, దూరం నొక్కాడు. ఇంకో వెంట్రుకవాసి తిప్పాడు. దగ్గరా దూరమూ ఒకే చోట మచ్చ పడేదాకా తిప్పతానే ఉన్నాడు.

పావు చుట్టు! దానికా బకెట్ల కొద్దీ ఐసు!

మర్నాడు పొద్దున కేశవులు నా బంకు దగ్గరికొచ్చి, ఆ చెక్కకు బదులు కొత్త పళ్ళెం బల్ల మీద పెట్టాడు. నల్ల పలకరాయి, అంచులు నున్నగా అరగదీసి ఉన్నాయి. పైనంతా ఖాళీ. కింద, చిట్టచివరి మూలన, 'రత్తమ్మ టీ' అని రాసి ఉంది. తెల్లగా, లోతుగా పడింది. వేలితో తడిమితే తగులుతోంది. నా పేరు ఇంతకు ముందు రేషను కార్డు మీద తప్ప ఎక్కడా చూసుకున్నదాన్ని కాదు. కళ్ళు తడయ్యాయి.

"నీ పేరు పలక చేసుకోలేదే?" అన్నా.

"చేసుకుందాంలే అక్కా" అన్నాడు.

ఉస్తాదు కూడా ఆ మూలను వేలితో తడిమి చూశాడు. పేరు మీద పడకుండా గ్లాసు పక్కగా పెట్టుకున్నాడు. పానా మాత్రం తీయలేదు. ఆ రోజు తీయలేదు, ఆ వారమూ తీయలేదు. కేశవులు అడగలేదు. ఊరుకోలేక నేనే అడిగాను.

"లేపాడు గదా ఉస్తాదూ, ఇంకా ఏంది?"

"మిషనైతే లేచింది రత్తమ్మా" అన్నాడు ఆయన.

పది రోజులు పోయాక కంభం నుంచి ఒక దర్జీ పెద్దాయన వచ్చాడు. ఆటోలో పాత ఎంబ్రాయిడరీ మిషను వేసుకొచ్చాడు. దాన్ని చూస్తేనే తెలిసిపోతోంది, నూనె ముఖం చూసి ఎన్నాళ్ళయిందో. సూది పట్టుకునే కమ్మీకి గుడ్డపీలిక చుట్టి ఉంది. బయట పెట్టె మీద ఎవరో మేకుతో ఏవో గీతలు గీసుకున్నారు. ఒకప్పటి కేశవులైతే ఆ పీలిక ముందు పీకి పారేసేవాడు.

మిషను దింపించాడు. దాని మీద చెయ్యి వెయ్యలేదు. పెద్దాయన్ని తీసుకొచ్చి నా బల్ల మీద కూర్చోబెట్టాడు.

"అక్కా, రెండు టీ. పెద్దాయనా, ఇది మీ దగ్గర ఎట్టా పని చేసేదో చెప్పండి. మొదట్నుంచీ చెప్పండి, తొందరేం లేదు. ఆ పీలిక ఎప్పుడు కట్టారు?"

పెద్దాయన మొహం వికసించింది. ఆ మిషను గురించి ఆయన్ను అడిగినోళ్ళు లేనట్టుంది. పీలిక కట్టిన పెళ్ళి సీజను దగ్గర ఎత్తుకున్నాడు. నేను పళ్ళెంలో రెండు గ్లాసులు సర్ది, స్టవ్వు మీద పాలు పెట్టాను.

షెడ్డు గుమ్మంలో ఉస్తాదు నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో నేను చూసుకోలేదు. వచ్చి, నడుముకున్న సంచి విప్పి, అరిగి అరిగి మెరుస్తున్న పానా ఒకటి తీసి, నా పళ్ళెం మీద రెండు గ్లాసుల నడుమ పెట్టాడు. కేశవులు పక్కన తనూ కూర్చున్నాడు.

"రెండు కాదు రత్తమ్మా, మూడు. నాదాంట్లో చక్కెరెయ్" అన్నాడు.

నాకు ఆనందం ఆగలేదు. "ఒరేయ్ కేశవులూ, పళ్ళెంలో ఏముందో చూడరా!" అన్నాను.

వాడు నా వైపు చెయ్యి ఎత్తి ఒక్క క్షణం ఆగమన్నాడు. పెద్దాయన ఇంకా చెప్తానే ఉన్నాడు, వాడు వింటానే ఉన్నాడు.